సేద్యము చేయు స్త్రీకి పట్టాయు, సంఘ సభ్యత్వమును

సహకార సంఘమనగా సమానుల కూటమి యని మనము తఱచుగ చెప్పుకొనుచుందుము. పదియెకరముల రైతునకును, ఎకరము రైతునకును మహాజన సభలో ఓటు ఒక్కటియే. ఈ నియమము మన సంఘములకు ప్రాణము వంటిది. అయినను, సంఘపు సభ్యుల పట్టికను దీసి పేర్లు చదువుకొనుచు పోయినచో అనేక గ్రామములలో ఒక విషయము కనబడక మానదు. నారు పీకువారు, నాటువారు, కలుపు తీయువారు, పత్తి యేరువారు, మిరప కోయువారు, పశువులకు మేత వేయువారు ఎవరో వారి పేర్లు ఆ పట్టికలో మిక్కిలి తక్కువ.

స్త్రీపురుష సమానత్వమనగానే పట్టణములలోని యుపన్యాసములు మనకు జ్ఞప్తికి వచ్చును. ఇది చదువుకొన్నవారి వాదము గాని కాపువాని కొంపకు సంబంధించినది కాదని తలంచువారు మన సభ్యులలో కలరు. మేమట్లు తలంపము. ఈ సమానత్వము పల్లెలో మొదట తేలవలసిన చోట్లు రెండు: ఒకటి భూమి పట్టా, రెండవది సంఘపు పట్టిక. ఈ రెండింటను పేరు లేనిదే తక్కిన గౌరవములు ఎన్ని చెప్పినను అవి నోటిమాటలుగనే యుండును.

ముందు లెక్క చూతము. 2022-23 నాటి కేంద్ర ప్రభుత్వపు శ్రామిక పరిశీలన ప్రకారము మన దేశపు పల్లెలలో పనిచేయు స్త్రీలలో నూటికి సుమారు 76 మంది వ్యవసాయముననే యున్నారు. పురుషులలో నూటికి 49 మంది. మగవారు పట్టణపు పనులకు, కట్టడపు పనులకు, దూరదేశములకు పోవుచుండగా సేద్యము నానాటికి స్త్రీల భుజముల మీదికి వచ్చుచున్నది. ఇక 2015-16 నాటి వ్యవసాయ గణనను జూడుడు. సాగుచేయు కమతములలో స్త్రీల చేతిలో నున్నవి నూటికి 13.96, విస్తీర్ణమును బట్టి చూచిన 11.72 వంతులు మాత్రమే. పని ఒకరిది, పేరు వేఱొకరిది యని ఇంతకన్న స్పష్టముగ చెప్పు లెక్క మఱొకటి లేదు.

పేరు లేకున్న నేమి, భార్యాభర్తలు ఒక కుండలోని కూడు తినుచుండగా ఈ భేదమెందుకని మీరడుగవచ్చును. ఇది సహజమైన ప్రశ్న. దీనికి ఉత్తరము పట్టా వెంట వచ్చు వానిని లెక్కించిన తెలియగలదు. సంఘములో పంట ఋణమునకు పోయిన కార్యదర్శి మొదట పాసుపుస్తకము నడుగును. 2019లో కేంద్ర ప్రభుత్వము మొదలిడిన ఏడాదికి 6,000 రూపాయల సహాయము పట్టా గల కుటుంబములకే. తెలంగాణమున 2018లో ప్రారంభింపబడిన రైతుబీమా, 18 మొదలు 59 ఏండ్ల వయస్సుగల పట్టాదారుడు మరణించినచో ఆ కుటుంబమునకు 5 లక్షల రూపాయలిచ్చు నేర్పాటు. మంచి యేర్పాటే. కాని జీవితమంతయు పొలముననే గడపిన స్త్రీ పాముకాటుననో, పిడుగుపాటుననో పొలములోనే మరణించినను, ఆమె పేర గుంటెడు నేల లేకున్నచో ఆ లెక్కలో ఆమె రైతు గాదు. ఆమె బిడ్డలకు ఆ ధనము రాదు. ఒక కుండలోని కూడు తిన్నంత మాత్రమున ఈ భేదము పోలేదు గదా.

భర్త మరణించిన యింటి సంగతి ఇంకను కష్టము. అప్పులకు తాళలేక ఆత్మహత్య చేసికొన్న రైతుల భార్యలను గూర్చి మన రెండు రాష్ట్రములలోను వినని గ్రామము లేదు. షావుకారు నోటు పట్టుకొని ఆమె వాకిటికి వచ్చును; బావగారో మఱదియో పొలము గట్టు మీదికి వచ్చును. అప్పు ఆమెదగును, భూమి మాత్రము ఆమెది కాదు. పట్టా మార్పించుకొనుటకు, తెలంగాణమువారు విరాసత్తనుదాని కొఱకు, ఆమె ఒంటరిగ తహశీలుదారు కచేరి చుట్టు తిరుగవలసి వచ్చును. పంట కాలము ఎవరికొఱకును ఆగదు. ఆ యేడు ఆమెకు సంఘములో అప్పు పుట్టదు. పుట్టిన చోట వడ్డీ నూటికి మూడు రూపాయలో, ఐదు రూపాయలో నెలకు.

చట్టము దీనికి అడ్డముగ నున్నదా? ఒకప్పుడుండెను. 1937లో వచ్చిన చట్టము హిందూ విధవకు భర్త యాస్తిలో జీవితకాలపు హక్కు నిచ్చెను; కాని అది పొలములకు వర్తింపదని 1941లో ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పుటచే రైతుకుటుంబములకు దాని ఫలము దక్కలేదు. మద్రాసు రాష్ట్రమున 1947లో మఱొక చట్టము చేసి దానిని పొలములకు గూడ విస్తరింపవలసి వచ్చెను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము జీవితకాలపు హక్కును సంపూర్ణ హక్కుగ మార్చెను. మనోవర్తి క్రింద భూమిని పొందిన ఆంధ్రదేశపు విధవ తులసమ్మగారి వ్యాజ్యములో 1977లో సుప్రీంకోర్టు ఈ సంగతినే గట్టిపఱచినది. పుట్టింటి పిత్రార్జితములో కొమార్తెకు కొమారునితో సమముగ జన్మహక్కు నిచ్చుటలో మన ఆంధ్రప్రదేశము దేశమునకు మార్గదర్శి యైనది. నందమూరి తారక రామారావుగారు ముఖ్యమంత్రిగ నుండగా చేయబడిన ఆ సవరణ 1985 సెప్టెంబరు 5 నుండి అమలైనది. అయితే అంతకు ముందే పెండ్లియైన కొమార్తెలను అందులో విడిచిపెట్టిరి. 2005 సెప్టెంబరు 9 నుండి దేశమంతటికిని వచ్చిన సవరణ ఆ భేదమును గూడ తీసివైచెను. ఆనాటికి తండ్రి జీవించియుండవలెనను వివాదమును 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్చి, అట్టి నిర్బంధము లేదనెను. 2004 డిసెంబరు 20కి ముందు విధిగ జరిగిన పంపకములను మాత్రము తిరుగదోడరాదు. క్రైస్తవ సోదరులకు 1925 నాటి వారసత్వ చట్టములో కొడుకునకును కూతునకును భాగములు సమములే. ముసల్మానులకు వారి ధర్మశాస్త్రము వేఱుగ నున్నది.

చట్టములో ఇంత మేలు కలిగియుండగా ఒక చిక్కు మిగిలియున్నది. దీనిని సభ్యులు శ్రద్ధగ గ్రహింపవలయును, ఏలయన దీనిని చాలమంది యెఱుగరు. ఒక హిందూ రైతునకు నాలుగెకరముల మాగాణి యున్నదనుకొందము. భార్య, ఒక కొమారుడు, ఇద్దఱు కొమార్తెలు గలరు. తల్లి లేదు. అతడు వీలునామా వ్రాయకయే మరణించెను. ఆ భూమి అతని స్వార్జితమైనచో నలుగురికిని తలకొక ఎకరము వచ్చును. లెక్క తేలిక. పిత్రార్జితమైనచో లెక్క మాఱును. అందు తండ్రికిని, ముగ్గురు బిడ్డలకును పుట్టుకతోనే తలకొక ఎకరము హక్కు కలదు. పంపకములో భార్యకు భాగమిచ్చు సంప్రదాయము మన దక్షిణదేశమున లేదు. కావున ఆమెకు వచ్చునది భర్త భాగమైన ఆ యొక్క యెకరములో నాలుగవ వంతు మాత్రమే, అనగా 25 సెంట్లు. బిడ్డలకు తలకు ఎకరము 25 సెంట్లు చొప్పున పోవును. ఆ మడిలో ముప్పదియేండ్లు నడుము వంచి నాట్లు వేసినది ఎవరు? భాగము అందఱికన్న తక్కువ వచ్చినది ఎవరికి?

కావున కొమార్తెల హక్కును గూర్చి మాటలాడువారు భార్య సంగతిని మఱచిపోరాదని మా యభిప్రాయము. దీనికి మందు భర్త చేతిలోనే యున్నది; అతడు జీవించియుండగనే యున్నది. క్రొత్తగ కొనునప్పుడు క్రయదస్తావేజులో ఇద్దఱి పేర్లు వ్రాయించుట అన్నిటికన్న సులభము. ఉన్న భూమిలో తన స్వార్జితమును ఆమె పేర దానముగనో, సెటిల్మెంటుగనో రిజిస్టరు చేయింపవచ్చును. అదియు కాదన్నచో ఇద్దఱు సాక్షుల యెదుట వీలునామా వ్రాయవచ్చును. దానికి రిజిస్ట్రేషను విధికాదు, చేయించుట మాత్రము మంచిది. పిత్రార్జితములో తన భాగమునకు గూడ వీలునామా వ్రాయు స్వాతంత్ర్యము 1956 నుండియు కలదు. నలుబది యేండ్లు దాటిన ప్రతి సభ్యుడును ఈ పని నొకనాటికి వాయిదా వేయుచునే యుండును. వీలునామా వ్రాసిన ఆయువు తగ్గునను భయమొకటి మనలో నున్నది; వ్రాయనివారు మాత్రము చిరంజీవులై యుండుట మేము చూడలేదు.

ఇక కొమార్తెల విషయమున వినబడు వాదము జగద్విదితము. కట్నము, పసుపుకుంకుమలు ఇచ్చితిమి గదా, మఱల భూమి యేల? పొలము అల్లుని పాలైన మన గట్టు మీద పరాయివాడు నిలుచును గదా? ఈ రెండవ మాటలో కొంత నిజమున్నది. కమతము ముక్కలగుట ఏ రైతునకును ఇష్టము గాదు. కాని కొడుకులు నలుగురున్న యింట కమతము నాలుగు ముక్కలగుచుండగా ఎవరును అడ్డుచెప్పరు. ఇక కట్నమా, అది 1961 నుండి చట్టవిరుద్ధము. పైగా అది చాలవఱకు వరుని తండ్రి చేతికి పోవునే గాని పిల్ల పేర నిలువదు. పూర్వము మన పెద్దలు పసుపుకుంకుమల క్రింద ఎకరమో అరయెకరమో పిల్ల పేర వ్రాసెడివారు. ఆ ఆచారము నేటి నగదు కట్నము కన్న ఎంతో న్యాయమైనదని మేము తలంతుము. పొలము దూరమైనచో పిల్ల తన భాగమును అన్నదమ్ములకే కౌలు కిచ్చి ఏటేట కౌలు పుచ్చుకొనవచ్చును. కమతము ముక్కలు గాదు, పిల్లకు ఆధారము పోదు.

ఈ సందర్భమున హక్కు విడుదల దస్తావేజును గూర్చి ఒక మాట. తండ్రి దినవారములు పూర్తికాకమునుపే అక్కచెల్లెండ్రను పిలిపించి చీరపెట్టి సంతకము చేయించుకొనుట పలుచోట్ల వాడుకయైనది. చదివి వినిపించిన తరువాత, తన యిష్టమున ఆమె విడుదల చేసిన అది ఆమె యిష్టము. చీరకును సంతకమునకును ముడిపెట్టుట మాత్రము బేరము. పుట్టింటి గడప మూసికొనిపోవునను భయముచే ఆమె వ్రేలిముద్ర వేయును. కష్టము వచ్చిన నాడు ఆ గడప ఎట్లును తెఱువబడక పోవుటయు మన మెఱిగినదే.

పేరు వ్రాయించుటలో మఱొక మోసము గూడ కలదు. భర్త బాకీ వాయిదా మీఱినందున సంఘములో అతనికి క్రొత్త అప్పు దొరకదు. అప్పుడు భార్యను సభ్యురాలిగ చేర్పించి ఆమె పేర ఋణము తీయుదురు. ఆమె కచేరికి వచ్చునది ఆ యొక్క నాడే. నోటులో ఎంత వ్రాసినదో ఆమెకు తెలియదు. సొమ్ము ఆమె చేతికి రాదు. నోటీసు మాత్రము ఆమె పేరనే వచ్చును. ఇట్టి సభ్యత్వములను లెక్కించి, మా సంఘములో స్త్రీలు ఇందఱున్నారని చెప్పుకొనుట సిగ్గుచేటు. ఋణపు మొత్తమును, వడ్డీని, వాయిదా తేదీని ఆమెకు నోట చెప్పి, సొమ్మును ఆమె ఖాతాలోనే జమచేయుట కార్యదర్శి బాధ్యత. ఇది చేయనిచో పేరు ఆమెకు హక్కు గాక ఉరియగును.

సహకారోద్యమము పుట్టిన నాటి కథ ఇచ్చట చెప్పదగియున్నది. ఇంగ్లండు దేశములో రోచ్‌డేల్ పట్టణమున 1844లో నేతపనివారు మొదలగు వారు స్థాపించిన సంఘమును మనము మూలపురుషునిగ గౌరవించుచున్నాము. ఆనాటి యింగ్లీషు చట్టములో వివాహితకు సొంత యాస్తి లేదు. ఆమె సంపాదించినది భర్తకు చెందెడిది. ఆమె సంపాదన ఆమెదే యనుటకు 1870 వఱకును, ఆస్తి అంతయు ఆమెది యనుటకు 1882 వఱకును అచ్చటి శాసనసభ చట్టము చేయలేదు. అట్టి కాలముననే రోచ్‌డేల్ సంఘము స్త్రీలను సభ్యులుగ చేర్చుకొని, పురుషులతో సమముగ ఓటు నిచ్చి, వారి లాభమును వారి పేరనే లెక్కవ్రాసి యిచ్చుచుండెను. ప్రభుత్వముకన్న ఒక చిన్న పచారీ సంఘము ముందు నడచినదన్నమాట. అంతర్జాతీయ సహకార సమాఖ్య 1995లో మాంచెస్టరున తిరిగి వ్రాసిన సహకార సూత్రములలో మొదటిదే స్త్రీపురుష భేదము లేక అందఱికిని సభ్యత్వ ద్వారము తెఱచియుండవలెనని చెప్పుచున్నది. కావున దీనిని పరాయి వాదమనుటకు సహకారులమైన మనకు వీలులేదు.

మన దేశమున ఇది సాగునా యను సందేహము గలవారు భీమదేవరపల్లి మండలములోని ముల్కనూరు పోయి చూడవచ్చును. అచ్చట 1956లో స్థాపింపబడిన రైతుల సహకార గ్రామీణ బ్యాంకు పేరెన్నిక గన్నది. ఆ చుట్టుపట్టుల గ్రామములలో స్త్రీలు మొదట పొదుపు సంఘములు పెట్టుకొని, తమలో తాము అప్పులిచ్చి పుచ్చుకొని లెక్కలు నేర్చిరి. పిమ్మట 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము క్రింద స్త్రీలదే యగు పాల సహకార సంఘమును స్థాపించుకొని 2002లో డెయిరీని నడుపసాగిరి. సభ్యులును స్త్రీలే, పాలకవర్గమును స్త్రీలే. ఇందులో గ్రహింపదగిన మర్మమొకటి యున్నది. పాడి పని మన యిండ్లలో ఆదినుండి స్త్రీలదే: కుడితి, మేత, పేడ, పితుకుట అన్నియు వారే చూతురు. కాని అనేక గ్రామములలో పాలకేంద్రపు సభ్యత్వము మగవాని పేర నుండును, పాలబిల్లు మగవాని చేతికి వచ్చును. ముల్కనూరు స్త్రీలు క్రొత్త పని ఏదియు కల్పించుకొనలేదు. చేయుచున్న పనికే తమ పేరు పెట్టుకొనిరి.

పేరు మాఱిన ఫలితము మాఱునా? ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2011లో ప్రకటించిన నివేదికలో, బీద దేశముల స్త్రీలకు విత్తనములు, ఎరువులు, పనిముట్లు, అప్పు పురుషులతో సమముగ దొరకినచో వారి పొలముల దిగుబడి నూటికి 20 మొదలు 30 వంతులు పెరుగవచ్చునని అంచనా వేసిరి. స్త్రీ సాగు తక్కువ పండుటకు కారణము ఆమె చేతులలో లేదు, ఆమె చేతికి అందనివానిలో నున్నదని దీని భావము. మఱొక పరిశీలన మనస్సును కలచునది. కేరళలోని తిరువనంతపురము జిల్లాలో ప్రదీప్ పాండా, బీనా అగర్వాల్ అను పండితులు వివాహిత స్త్రీలను విచారించి 2005లో ప్రకటించిన దాని ప్రకారము, ఇల్లుగాని భూమిగాని లేని స్త్రీలలో నూటికి 49 మంది భర్తచేతి దెబ్బలు తిన్నవారు. రెండును గలవారిలో నూటికి ఏడుగురు. వెడలిపోవుటకు చోటున్నదని తెలిసిన స్త్రీ మీద చేయి లేచుట తక్కువ యని మేము దీనినుండి గ్రహించుచున్నాము.

ఇక మన సంఘము చేయదగినది. ఇంటికొక సభ్యత్వము చాలునను వాడుకను విడువవలయును. నియమావళిలో అట్టి మాట యున్నచో మహాజన సభలో సవరింపవలయును. సొంత పట్టా గల స్త్రీని ఎట్లును చేర్చుకొనవలసినదే. పట్టా లేకున్నను పాడిగాని కౌలు సేద్యముగాని చేయు స్త్రీకి నియమములు అనుమతించిన తరగతిలో సభ్యత్వ మిచ్చి, పొదుపు ఖాతా తెఱపింపవచ్చును. పాలకవర్గమున స్త్రీలకు చోట్లుంచుటకు 2012లో అమలునకు వచ్చిన రాజ్యాంగ సవరణ రెండు స్థానములు నిర్ణయించినది. రాష్ట్రముల సంఘముల విషయమున ఆ భాగము చెల్లదని 2021లో సుప్రీంకోర్టు చెప్పినది. చెల్లకపోయినదని సంతోషించువారున్నచో వారిని మేమడుగునది ఒక్కటే: ఆజ్ఞ లేనిదే తమ యింటి స్త్రీని ప్రక్కన కూర్చుండబెట్టుకొనలేరా? సంఘము అద్దెకిచ్చు యంత్రముల విషయము గూడ ఇట్టిదే. కలుపుమందు వచ్చి స్త్రీల కలుపుకూలి పోయినది, కోతయంత్రము వచ్చి కోతకూలి పోయినది. యంత్రము నడుపు పని మాత్రము మగపిల్లలకే నేర్పుచున్నాము. నాటుయంత్రమును, మందుకొట్టు యంత్రమును నడుపుటకు ఇద్దఱు ముగ్గురు యువతులకు నేర్పించుట సంఘమునకు పెద్ద వ్యయము గాదు.

సభవేళను గూర్చి చెప్పి ముగించెదము. ఉదయము పది గంటలకు సభ పెట్టి స్త్రీలు రాలేదనుట సరికాదు. ఆ వేళకు వారు చేలలో నుందురు. నాట్లును కోతలును లేని పక్షములలో, మధ్యాహ్నము మూడు గంటలకు, బడిలోనో గ్రంథాలయములోనో సభ జరిపినచో వత్తురు. నోటీసును గోడకు అంటించుటతో సరిపెట్టక పొదుపు సంఘముల ద్వారా ముందుగ తెలుపవలెను. జమాఖర్చులను చదువునపుడు అంకెలను తెలుగు మాటలలో మెల్లగ వినిపింపవలెను. సభ్యత్వపు దరఖాస్తుతో పాటు ఆధారు ప్రతి, ఫోటో, పట్టా యున్నచో పాసుపుస్తకపు ప్రతి, వాటాధనము తేవలసియుండును. దరఖాస్తులో మొదటి గీత మీద ఫలానావారి భార్య యని వ్రాయకుడు. అచ్చట ఆమె పేరు వ్రాసి, తక్కినది క్రింది గీత మీద వ్రాయుడు.